బావిలో పడని పిల్లి

ప్రొద్దుటూరులో ఇల్లు వెతికిన ఆ ఎండాకాలం మా అమ్మ పక్కన నిలబడాలంటే నాకు సిగ్గుగా ఉండేది. ఆమె కట్టుకున్నది ఉతికిన చీరే, మాట్లాడేది అందరూ మాట్లాడే మాటే. నా సిగ్గంతా ఆమె చెప్పే నిజం వల్ల.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. మన పక్కనున్న కర్నూలే రాజధాని అయిందని మా నాయన కనబడినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునే రోజులు. ఆయన పంతులు. అంతవరకు జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేవాడు. ప్రొద్దుటూరు హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. నేను మూడో ఫారం పాసై ఉన్నాను. మా కాంపౌండులో ఆడపిల్లలకు ఆ పైన చదువు లేదు. ప్రొద్దుటూరులో ఇల్లు దొరికితే నేను నాలుగో ఫారంలో చేరతాను. దొరక్కపోతే నాయన ఒక్కడే గది తీసుకుని ఉంటాడు, నేను కాంపౌండులో కుట్లూ అల్లికలూ నేర్చుకుంటూ పెళ్ళి కోసం కూర్చుంటాను. ఈ మాట ముందే తేల్చి చెప్పారు. అందుకని ఏ వాకిట్లో అమ్మ నోరు తెరిచినా నా ప్రాణం నాలుగో ఫారం చుట్టూ తిరిగేది.

వాకిలి తీసిన ఆడవాళ్ళు మొదట నాయనను చూసేవాళ్ళు. తెల్ల పంచె, కోటు, చేతిలో గొడుగు. ముఖాలు విప్పారేవి. తర్వాత అమ్మను చూసేవాళ్ళు. ఆమె నుదురు కడిగిన పలకలా ఉండేది. మా వాళ్ళలో బొట్టు పెట్టుకోరు. తాతల కాలంలో క్రైస్తవంలో కలిసినప్పుడే ఆ అలవాటు పోయింది. కానీ చూసేవాళ్ళకు బోసి నుదురంటే మొగుడు పోయిన మనిషనే అర్థం. మొగుడేమో గొడుగు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ లెక్క కుదరక వాళ్ళు అడిగేవాళ్ళు.

"ఏమ్మా, ఆయప్ప బాగానే ఉండాడు గదా. నీ మొగాన బొట్టేది?"

"మేం కిరస్తానమోళ్ళమక్కా. బొట్టు పెట్టం. మా తాత మాలపల్లెలో పుట్టినోడు."

ఇంతే. గొంతు తగ్గించదు, పెంచదు. కూరగాయల ధర చెప్పినట్టు చెబుతుంది. ఆ తర్వాత ఒక్కో ఇంట్లో ఒక్కో తీరు. ఒకామె పొద్దున్నే వేరేవాళ్ళకు మాటిచ్చేశామని నాలుక కరుచుకుంది. ఇంకొకామె ఏమీ అనకుండా లోపలికి పోయి మళ్ళీ రాలేదు, మేము చాలాసేపు ఆ అరుగు ముందే నిలబడ్డాము. మూడో చోట ముసలాయన మాత్రం నిజంగానే బాధపడ్డాడు. "నాకేం ల్యా తల్లీ, ఈదిలో వాళ్ళు ఊరుకోరు," అన్నాడు. వీధిలో వాళ్ళను అడిగితే వాళ్ళూ ఆ మాటే అని ఉండేవాళ్ళు. నేను ఎక్కడా తలెత్తేదాన్ని కాను. ప్రొద్దుటూరులో ఎన్ని రకాల గడపలుంటాయో ఆ ఎండాకాలమే తెలుసుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాయన బతిమాలేవాడు. "మొదటి ముక్క చాలు గదా. తాత ఊసు ఎవరడిగినారు?"

"వాళ్ళు అడిగేదే తాతను గురించి. నోటితో అనలేక బొట్టు మింద పెడతాండారు," అనేది అమ్మ.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు."

"నా నోటికేమైంది? ఎవుర్నన్నా తిడితినా?"

నాయన గొడుగు మడతలు సర్దుకునేవాడు. ఆయన మెత్తని మనిషి. ఎవరి ముఖమైనా చిన్నబోతే చూడలేడు. అబద్ధాలన్నీ ఆ మెత్తదనంలోనే మొలుస్తాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా వాళ్ళే అయిన ఒక పంతులు అప్పటికే ప్రొద్దుటూరులో కాపురముంటున్నాడు. ఆయన భార్య మమ్మల్ని కూర్చోబెట్టి బొరుగులు పెట్టింది. ఆమె నుదుట రూపాయి కాసంత బొట్టు. నేను దాన్నే చూస్తూ తిన్నాను. ఆమె అమ్మను చాటుకు పిలిచి మందలించింది. "ఇంత సుక్క పెట్టుకుంటే దేవుడేం అలగడు వదినా. ఊర్లో బతకాల గదా. పిల్ల సదువు సూసుకో."

"బొట్టు పెట్టుకుంటే తప్పని నేనన్యానా? నీకు బాగుంది, పెట్టుకో. ఇల్లు కోసరం పెట్టుకుంటే మాత్రం నాకు తప్పే," అంది అమ్మ.

ఆ వదిన ముఖం ఎర్రబడింది. మళ్ళీ బొరుగులు వడ్డించలేదు. కాంపౌండుకు తిరిగొచ్చాక అక్కడి పెద్దలు కూడా అమ్మకే బుద్ధి చెప్పారు. ఆదివారం ప్రార్థనలో సత్యం మనల్ని విడుదల చేస్తుందని చదివిన పెద్దాయనే సాయంత్రం మా ఇంటికొచ్చి, "అన్ని చోట్లా అన్నీ చెప్పాల్సిన పని ల్యామ్మా," అన్నాడు. అమ్మ ఆయనకు మజ్జిగిచ్చి పంపింది. నాకు మాత్రం ఆయన చెప్పిందే బాగుందనిపించింది. మా అమ్మకు మూర్ఖత్వమని, తన మాట నెగ్గించుకోవడానికి నా చదువును బలిపెడుతోందని రాత్రంతా కుళ్ళిపోయాను.

బడి తెరిచే రోజులు దగ్గర పడ్డాయి. అమ్మ కాంపౌండులో సామాను సర్దుతోందనే వంకతో నాయన ఈసారి నన్నొక్కదాన్నే వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు పోయాడు. నూలు అంగట్లో గుమాస్తా చేసే ఒకాయన ఇంటి వెనక రెండు గదులు ఖాళీగా ఉన్నాయని ఎవరో చెప్పారు. మధ్యలో పెరడు, పెరట్లో బావి, బావికి అటు వాళ్ళు, ఇటు మేము. గుమాస్తా భార్య మా అమ్మకంటే కొంచెం పెద్దది. పచ్చటి మనిషి. పిల్లలు లేరు. వాళ్ళు మాంసం తినని వాళ్ళు. ఆమె మీరేమిట్లని అడిగింది. నాయన ఏదో ఒక కులం పేరు చెప్పాడు. ఏదో ఇక్కడ రాయను, ఆ కులం వాళ్ళకు ఈ కథతో ఏ సంబంధమూ లేదు.

"మా ఆమె సంగతి ఒకటి చెప్పాల," అన్నాడు నాయన, గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ. "ఆమెకు కుంకుమ పడదు. పెట్టుకుంటే నుదురంతా దద్దుర్లు లేస్తాయి. డాక్టరు వద్దన్యాడు."

నేను నాయన వైపు చూడలేదు. ఆమె నా వైపు చూసింది.

"అవునా పాపా? పాపం."

నేను తలాడించాను. అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "శానా దురద పెద్దమ్మా. గోకి గోకి నెత్తరొస్తాది," అన్నాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాయన చెప్పిన దానికి నేను జిగురు పూశాను. ఆమె అయ్యో అయ్యో అంటూ నా చెంప నిమిరింది. ఇల్లు దొరికింది.

బస్సులో నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "అమ్మకు చెప్పొద్దు," అన్నాడు. ఇంటికి పోయాక అమ్మ అడిగింది. "వాళ్ళకు మన సంగతి చెప్పినావా?"

"చెప్పినా."

"తాత సంగతీ?"

"అదీ చెప్పినా. మనిషి మంచిదైతే చాలంట."

అమ్మ చేతిలో ఉన్న సట్టి కింద పెట్టి పీట మీద కూర్చుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మా అమ్మ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. "అన్ని వాకిళ్ళు తిరిగినందుకు ఒక్క మనిషి దొరికె గదా," అంది. మేమిద్దరం గోడ వైపు చూస్తూ నిలబడ్డాము. అప్పుడే చెప్పేసి ఉండవచ్చు. నాలుగో ఫారం నా నోరు పట్టుకుంది.

ఆ ఇంట్లో దిగాక అమ్మ మారిపోయింది. కాంపౌండులో ఎప్పుడూ బిగించుకుని ఉండే మనిషి, ఇక్కడ బావి దగ్గర నిలబడి నవ్వుతూ మాట్లాడేది. ఆమెకు గుమాస్తా భార్య దొడ్డ మనిషి. తెలిసి కూడా బావి మీద చెయ్యి వేయనిచ్చిన తల్లి. అందుకని ఆమె కోసం ఎంత చాకిరీ అయినా చేసేది. చింతపండు నారలు తీసిపెట్టేది, మినుములు చెరిగిపెట్టేది. ఆమెకు నడుము నొప్పి వస్తే వాళ్ళ కడవలు కూడా మా అమ్మే తోడి గట్టు మీద పెట్టేది. గుమాస్తా భార్య కూడా అమ్మను వదిలి ఉండేది కాదు. "నీయంత శుద్ధి గల మనిషిని నేను సూడల్యా చెల్లీ," అనేది. అమ్మ సంతోషంతో తల దించుకునేది. వాళ్ళిద్దరూ నవ్వుకుంటుంటే నేను పుస్తకం పట్టుకుని లోపలికి పోయేదాన్ని. ఇద్దరిలో ఎవరికీ ఎదుటి మనిషి ఎవరో తెలియదు. తెలిసిన ఇద్దరం అన్నం తింటున్నట్టు కంచాల్లోకి చూస్తూ ఉండేవాళ్ళం.

నాయన అబద్ధంలో నాకు దద్దుర్లు లేవు. అది ఆయనకు తట్టలేదు. బడి తెరిచిన రోజు, నేను పెద్దమ్మా అనే గుమాస్తా భార్య నన్ను పిలిచి తల దువ్వి, జడ వేసి, కనకాంబరాలు పెట్టి, నల్లటి బొట్టు సాదు గిన్నెలో పుల్ల ముంచి నుదుట చుక్క పెట్టింది. నేను కళ్ళు మూసుకుని పెట్టించుకున్నాను. అద్దంలో చూసుకుంటే బాగానే ఉన్నాను. అది రోజూ సాగింది. పొద్దున ఆమె పెట్టేది, నేను వీధి వాకిలి గుండా బడికి పోయేదాన్ని. సాయంత్రం బావి దగ్గర ముఖం కడుక్కున్నాకే మా గదుల్లోకి వచ్చేదాన్ని. బడిలో ఎవరూ నన్నేమీ అడగలేదు. అడిగించుకోకుండా ఉండడం ఎంత హాయో మొదటిసారి తెలిసింది. ఆ హాయికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

శ్రావణమాసం వచ్చింది. పెద్దమ్మ కుంకుమ చేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. వీధి వీధంతా ఆమె చేసిన కుంకుమే పెట్టుకునేది. పసుపు కొమ్ములు పగలగొట్టి, నిమ్మకాయల రసంలో పటిక, వెలిగారం కలిపి అందులో నానవేసి, నీడన ఆరబెట్టేది. ఆరిన కొమ్ములు ఎర్రబడ్డాక దంచి, పలుచని గుడ్డతో జల్లించి, చివర్లో కాస్త నెయ్యి రాసేది. ఆ ఏడు ఆమె రెండు వాయిలు చేసింది. రెండోది చిన్న వాయి. అది ఎందుకని నేను అడగలేదు. ఆ రోజుల్లో నేను ఏదీ అడిగేదాన్ని కాను, ఏ ప్రశ్న తిరిగి ఎటు వస్తుందోనని భయం.

వరలక్ష్మీ వ్రతం నాటి పొద్దున పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని, తట్టలో తాంబూలం, నానిన శనగలు, ఒక చిన్న గిన్నె పెట్టుకుని, అప్పుడే బొట్టు పెట్టించుకున్న నన్నూ వెంట రమ్మని మా వైపు వచ్చింది. నేను ఆమె వెనక నక్కాను. నాయన బడికి పోవడానికి కోటు తొడుక్కుంటున్నాడు. అమ్మ గడప దగ్గర నిలబడింది.

"దీంట్లో పటిక లేదు, వెలిగారం లేదు చెల్లీ," అంది పెద్దమ్మ. ఆమె ముఖం వెలిగిపోతోంది. "ఉత్త పసుపు, నిమ్మకాయ రసం, కుంచెం సున్నం తేట. నీ కోసరమే చేసినా. నీకు పడందల్లా ఆ మందులే, కుంకుమ కాదు. మొగుడు బాగుండంగ బోసి మొగంతో ఉంటాండావు, నాకు పానం ఒప్పల్యా. ఏదీ, ఈ పక్కకు తిరుగు."

వేలు గిన్నెలో అద్ది పైకెత్తింది.

అమ్మకు అర్థం కాలేదు. నవ్వుతూనే ఉంది. "ఏంది పడందక్కా?"

"నీకు దద్దుర్లంట గదా. ఆయప్ప చెప్పినాడు, పాప చెప్పింది."

అమ్మ నాయన వైపు తిరిగింది. ఆయన ఒక చేతికి కోటు తొడుక్కుని, రెండో చెయ్యి గాల్లో ఉంచి నిలబడిపోయాడు. తర్వాత నా వైపు తిరిగింది. పొద్దున పెట్టిన సాదు చుక్క నా నుదుట ఉంది. కడుక్కోవడానికి ఇంకా వేళ కాలేదు. ఆమె దాన్ని చూసింది. ఆమె కళ్ళు పెద్దవై, తర్వాత మామూలుగా అయ్యాయి. ఆ కాస్తలో ఆమెకు అంతా తెలిసిపోయింది.

ఆమె నోరు మూసుకుని ఉంటే చాలని నా ప్రాణం కొట్టుకుంది. ఒక్క వేలెడు కుంకుమ. తుడిస్తే పోతుంది.

అమ్మ పైకెత్తిన ఆ చేతిని మణికట్టు దగ్గర మెల్లగా పట్టుకుని ఆపింది. వెంటనే, పట్టుకున్నందుకు భయపడినట్టు, వదిలేసింది. "నాకు దద్దుర్లు ల్యావక్కా. కుంకుమ పడకపోవడమూ ల్యా. మేం కిరస్తానమోళ్ళం. మా తాత మాలపల్లెలో పుట్టినోడు. నీకు తెల్సనుకున్యా. తెలిసే ఉండనిచ్చినావనుకున్యా."

పెద్దమ్మ అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. ఆమె గడప ముందు మెట్టు మీద కూర్చుండిపోయింది. తట్ట ఒడిలో ఉంది. శనగల్లోకి చూస్తూ, "నాకెందుకు చెప్తివమ్మా," అంది. "చెప్పకపోతే ఏం పోయె నీకు? నా పాటికి నేను ఉంటి గదా. ఇప్పుడు తెల్సుకుంటి, తెల్సుకున్యాక ఎట్ల ఊరుకునేది? ఆయనకు చెప్పాల. చెప్తే ఆయన ఊరుకోడు."

"నీకు చెప్పకుంటే, చెల్లీ అని నువ్వు పిలిచేది నన్ను గాదక్కా, ఇంగెవుర్నో," అంది అమ్మ.

పెద్దమ్మ లేచింది. వేలికి కుంకుమ అంటుకునే ఉంది. చీరకు తుడుచుకోలేక, మరెక్కడా పెట్టలేక, మా గదుల దర్వాజాకు తుడిచి వెళ్ళిపోయింది. ఎర్రటి గీత పడింది. నాయన కోటు రెండో చెయ్యి తొడుక్కుని బడికి పోయాడు. అమ్మ పొయ్యి దగ్గరికి పోయి సంగటి కెలకసాగింది. తిడితే పడి ఉండేదాన్ని.

నెలాఖరుకు ఖాళీ చేయమన్నారు. అంతవరకు బావి ముట్టకూడదు. పెద్దమ్మే వేళకు వచ్చి తోడేది. మేము కడవ కింద పెట్టి దూరంగా జరిగితే, చేద ఎత్తి పట్టుకుని పోసేది. సగం నీళ్ళు బయటే పడేవి. ఆమె మా ముఖాలు చూసేది కాదు. ఒకరోజు నీళ్ళు పోస్తూ పోస్తూ ఏడ్చింది. అమ్మ కడవ తీసుకుంటూ, "నడుము నొప్పి తగ్గిందా అక్కా?" అని అడిగింది. ఆమె తలూపి పోయింది. నాకు మళ్ళీ బొట్టు పెట్టడానికి ఎవరూ పిలవలేదు. బడికి పోయేటప్పుడు నేనే బొగ్గు అరగదీసి పెట్టుకుని పోయేదాన్ని. అవును, అంత జరిగాక కూడా. బడిలో ఇంకా ఎవరికీ తెలియదు గదా అని.

తెలిసే రోజు దగ్గర పడింది. గుమాస్తాకు బావి తోడించి శుద్ధి చేస్తే గాని ఆ నీళ్ళు గొంతు దిగేట్టు లేవు. ఒకనాడు పొద్దున్నే కూలీలు వచ్చి బానలతో నీళ్ళు తోడి కాలువలోకి వదిలారు. నీళ్ళు వీధి వాకిలి దాటి వీధిలోకి పారాయి. వీధిలో నీళ్ళు పారితే ఆడవాళ్ళు ఊరుకుంటారా? పది మంది పెరట్లో చేరారు. అందులో ఒకామె కూతురు నా తరగతే. ఆ పిల్ల కూడా తల్లి కొంగు పట్టుకుని నిలబడి ఉంది. మేము మా గడపలో ఉన్నాము, ఆ పిల్లను చూసి నేను లోపలికి పోయి బొగ్గు చుక్క పెట్టుకుని వచ్చాను. నాయన తెల్లవారకముందే బడికి పోయాడు, ఆదివారం నాడు.

"ఏంది, బాయి తోడిస్తాండారు?"

పెద్దమ్మ ఒక్క క్షణం మా వైపు చూసింది. "పిల్లి పడింది," అంది.

"అయ్యో! ఎప్పుడు?"

"ఎప్పుడో. సచ్చి ఉండె. సూసుకోల్యా."

ఆమె ఆ మాట తన ఇంటి పరువు కోసం అందో, మా కోసం అందో నాకు తెలియదు. రెండూ కావచ్చు. మేము ముట్టిన నీళ్ళు ఇన్నాళ్ళూ తాగారని వీధికి తెలిస్తే వాళ్ళకూ తలవంపులే. ఆడవాళ్ళు ముక్కు మీద వేళ్ళేసుకున్నారు. వాసన రాలేదే అని ఒకామె, పిల్లి చస్తే కాశీకి పోవాలని ఇంకొకామె. కూలీ బాన తోడినప్పుడల్లా అందరూ ముందుకు వంగి లోపలికి తొంగి చూశారు. పిల్లి కోసం.

అమ్మ గడప దాటింది.

ఏం చెప్పబోతోందో నాకు తెలుసు. కూరగాయల ధర చెప్పినట్టు చెబుతుంది. ఈ బాయిలో పిల్లి పడల్యా, మేం తాగినాం, అంటుంది. నా తరగతి పిల్ల వింటుంది. రేపు పొద్దున బడిలో నా పక్క బల్ల ఖాళీ అవుతుంది. నేను ఆమె చీర వెనక నుంచి గట్టిగా పట్టుకున్నాను. "అమ్మా, వద్దు. నీ కాళ్ళు మొక్కుతా. వద్దు," అన్నాను. నా గొంతు ఆమెకు తప్ప ఎవరికీ వినబడలేదు.

ఆమె వెనక్కి తిరిగి నా ముఖం చూసింది. బొగ్గు చుక్కతో ఉన్న ముఖం. ఏం కనిపించిందో, వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. నోరు మూసుకుని, తోడిన నీళ్ళు పారుతుంటే చూస్తూ నిలబడింది. ఎవరో ఆమెను కూడా పలకరించారు. "మీరూ తాగుంటారే, పాపం. వాంతులేమన్నా అయినాయా?" అమ్మ లేదని తలూపింది. మా అమ్మ ఆడిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే. అది కూడా మాట లేకుండా.

ఆ సాయంత్రం సంగటి ముద్ద నా కంచంలో పెట్టి ఎదురుగా కూర్చుంది. తాను తినలేదు. "ఇన్ని వాకిళ్ళ కాడ మనిషినని చెప్పుకుంటి. ఈ పొద్దు నీ కోసరం పిల్లినైతి," అంది. కోపంగా అనలేదు. చెప్పవలసిన విషయం చెప్పినట్టు చెప్పి, పక్కన ఊరిబిండి పచ్చడి వేసింది. నేను ఆ ముద్ద ఎట్లా మింగానో తెలియదు. మింగాను. ఆకలేసింది మరి.

తర్వాత ఏటి వైపు మా వాళ్ళు ఉండే పాళెంలో ఇల్లు తీసుకున్నాము. బడికి చాలా దూరం నడిచేదాన్ని. చదువు ఆగలేదు. ఆ నిజం చెప్పకుండా ఉన్నా, చెప్పినా నా చదువు ఆగి ఉండేది కాదు. ఇది ఎన్నిసార్లు తలుచుకున్నానో. నా తరగతి పిల్ల ఎప్పుడో ఒకరోజు మా పాళెం చూసింది, అన్నీ దానికి తెలిశాయి, కొన్నాళ్ళు ఎడంగా కూర్చుని మళ్ళీ లెక్కల కోసం నా పక్కకే వచ్చింది. ఇంత చిన్నదానికి మా అమ్మను పిల్లిని చేశాను. చుక్క పెట్టుకోవడం మాత్రం మానలేదు. ట్రైనింగులో కూడా పెట్టుకున్నాను. అమ్మ ఎప్పుడూ వద్దనలేదు. నేను ఇంటికొచ్చినప్పుడు నా నుదురు తప్ప మిగతా ముఖమంతా చూసి మాట్లాడేది.

ఆంధ్రప్రదేశ్ వచ్చాక నాకు పులివెందుల్లో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. నన్ను కాపురం పెట్టించడానికి అమ్మ వెంట వచ్చింది. అప్పటికి నాయన లేడు. ముద్దనూరులో బస్సు మారాము. తొండూరులో బస్సు ఆగింది, డ్రైవరు ఇంజనుకు నీళ్ళు పోయిస్తున్నాడు. కిటికీ పక్కన కూర్చున్న అమ్మ చెనిగచేల వైపు చూస్తోంది. తెల్లబడిన జుట్టు కింద అదే బోసి నుదురు. నా పక్కనున్న ఆ నుదురును చూస్తూ, ఎందుకో, కొంగు తడిచేసుకుని నా బొట్టు తుడిచేసుకున్నాను. అమ్మ చూడలేదనుకున్నాను. ఆమె చేను మీంచి కళ్ళు తిప్పలేదు గాని నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

పులివెందుల్లో ఒకరు చెప్పిన ఇంటి ముందు జట్కా దిగాము. అమ్మ మూటలు దించుకుంటూ వెనక నిలబడింది. ఒక నడివయసు ఆమె వాకిలి తీసింది. పైనుంచి కింది దాకా చూసింది. కొత్త పంతులమ్మను నేనే అని చెప్పాను.

"బొట్టు పెట్టుకోలేదేమ్మా పాపా? ఎవురు మీరు?"

ఇన్నేళ్ళుగా ఆ జవాబు నాకు కంఠస్థం. ఎన్ని వాకిళ్ళలో విన్నాను. నోరు తెరిచాను. మాట వచ్చింది గాని గొంతు గడప కూడా దాటలేదు.

"ఏందీ? గట్టిగా చెప్పు, ఇనపడల్యా."

నా వెనక మూటల చప్పుడు ఆగిపోయింది.

"మేం కిరస్తానమోళ్ళమక్కా," అన్నాను. "మా అమ్మ వాళ్ళ తాత మాలపల్లెలో పుట్టినోడు."

వీధికంతా వినపడింది. ఆమె నన్ను చూసి, నా వెనకనున్న అమ్మను చూసి, ఇల్లు వేరేవాళ్ళు అడిగినారని చెప్పి వాకిలి దగ్గరికి వేసింది. నా చెవులు కాలిపోయాయి. ఆ పాత సిగ్గు ఎక్కడికీ పోలేదు, అరికాళ్ళ నుంచి నెత్తి దాకా అట్లాగే పాకింది. తిరిగి చూస్తే అమ్మ ఒక మూట నెత్తికెత్తుకుని, రెండోది నా వైపు చాచి ఉంది.

"పదా, ఇంగో ఇల్లు సూస్తాం," అంది. నాలుగడుగులు వేశాక మళ్ళీ అంది. "రెండోతూరి చెప్పింది నాక్కూడా ఇనపడింది."

మొదటిసారి ఎందుకు వినపడలేదో ఆమె అడగలేదు.